అమ్మబుద్ధి కాని ఆంప్

లిఫ్టు పనిచేయడం లేదని రాసిన అట్టముక్క గ్రిల్‌కి వేలాడుతోంది. పిచ్చుక దాన్ని చదివి, వీపు మీది గిటారు పట్టీ బిగించుకుని, మెట్లవైపు ఓ చూపు చూసి ఎక్కడం మొదలుపెట్టింది.

పిచ్చుక అసలు పేరు కాదు. పుట్టినప్పుడు పిడికెడు ఉందని అక్క పెట్టిన ముద్దుపేరు. పెరిగాక ఎత్తు విషయంలో పెద్ద మార్పేమీ రాకపోవడంతో అదే స్థిరపడింది. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. సీటు మీద మెత్త వేసుకుని కూర్చుంటుంది గానీ గొంతు విప్పిందంటే లారీ డ్రైవర్లు సైతం ఇండికేటర్ వేయాల్సిందే. "ముందు ఎటు తిరగాలో మనసులో తేల్చుకోండి, తర్వాత స్టీరింగ్ తిప్పండి" అని రోజంతా అందరికీ చెబుతుంది. తన సంగతికొస్తే మాత్రం చెప్పుల దుకాణంలోంచి చెప్పులు కొనకుండానే తిరిగొచ్చే రకం.

నాలుగో అంతస్తులో తలుపు తీసినవాడి చొక్కా జేబు మీద లిఫ్టు బొమ్మ ఉంది. మోచేతి దాకా గ్రీజు మరకలు. పిచ్చుక ఆయాసపడుతూనే ఆ బొమ్మ వైపు అనుమానంగా చూసింది.

"మీరు లిఫ్టు మెకానిక్కా?"

"అవునండీ."

"మరి కింద..."

"అది వేరే కంపెనీదండీ. నేను చెయ్యి పెట్టానంటే వాళ్ళ కంపెనీ, మా కంపెనీ కలిసి నా మీద పడతాయి."

అతను అంత దిగులుగా చెప్పడంతో ఆమెకు నవ్వొచ్చింది. ఆయాసంలో నవ్వితే దగ్గొచ్చింది. మంచినీళ్ళిచ్చి లోపలికి రమ్మన్నాడు.

అమ్మకానికి ఉందని తెలిసి ఆమె చూడటానికొచ్చిన గిటారు ఆంప్లిఫయర్ గది మూలలో, కిటికీ పక్కన ఉంది. పాత ట్యూబ్ ఆంప్. ముదురు గోధుమరంగు తొడుగు, ముందు మీగడరంగు గుడ్డ, మూలల్లో ఇత్తడి తాపడాలు. నిలబెడితే పిచ్చుక నడుము దాటుతుంది. అతను స్విచ్చి వేసి కాస్త ఆగమన్నాడు. వెనకనుంచి తొంగిచూస్తే లోపల ఆ ట్యూబులు, గాజు వాల్వులు, ఒక్కొక్కటే నారింజరంగులోకి తిరుగుతున్నాయి. పాత రేడియోల్లో ఉండేవి అలాంటివేనని విన్నదే గానీ వాటి వెచ్చదనం మొహానికి తగిలేంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

గిటారు తగిలించి ఒక్క తీగ మీటింది.

మెల్లగా మీటితే మెల్లగా పలికింది. కాస్త గట్టిగా మీటితే కోపం వచ్చిన మనిషి గొంతులా బొంగురుపోయింది. చెయ్యి తీసేశాక కూడా ఆ స్వరం వెళ్ళిపోవడానికి మనసొప్పనట్లు గదిలోనే కాసేపు తచ్చాడింది. పిచ్చుక మళ్ళీ మీటింది. ఇంకో తీగ, ఇంకో తీగ. వాల్యూమ్ కొంచెం పెంచేసరికి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. కింది ఇంటివాళ్ళు చీపురుకర్రతో కప్పుని పొడిచారు.

అప్పుడు మొదలుపెట్టాడు లిఫ్టు మెకానిక్కు. చాలా బరువండీ, ఒక్కరు ఎత్తలేరు. వాల్వులు ఎప్పుడు పోతాయో చెప్పలేం, పోతే దొరకడం కష్టం. ఎండాకాలంలో గది కుంపటి అయిపోతుంది. ఊరికే హమ్ అని గుయ్యిమనే రొద వస్తుంది. చుట్టుపక్కలవాళ్ళతో గొడవలు తప్పవు, ఇప్పుడే విన్నారుగా. ఇలా వరసబెట్టి చెప్పుకుపోయాడు.

వస్తువుకి లేని గొప్పలు అంటగట్టే అమ్మకందార్లను పిచ్చుక చాలామందిని చూసింది. ఉన్న లోపాలన్నీ చిట్టా విప్పి మరీ చెప్పేవాడిని చూడటం ఇదే మొదలు. ఎంత నిజాయితీ అనుకుంది. ఆ నిజాయితీ సరిగ్గా ఆమె బలహీనత మీదే దెబ్బకొట్టింది. ఆలోచించుకుని చెబుతానంది. ఆ మాట వినగానే అతని మొహం తేటపడింది. పాపం, తొందరపెట్టే రకం కాదు అనుకుంటూ మెట్లు దిగింది.

ఇంటి దగ్గర ఎవరి మాట వాళ్ళది. పిచ్చుక ఉండేది అక్కా బావల దగ్గర. అక్క ఆస్పత్రిలో నర్సు. బావ బేకరీ నడుపుతాడు. తెల్లారకముందే లేచి వెళ్ళి పిండి కలిపి, మధ్యాహ్నానికి పనంతా ముగించుకుని, ఇంటికొచ్చి పడుకుంటాడు. ఆ నిద్ర చెడిందంటే మర్నాడు ఊళ్ళోవాళ్ళు తినే రొట్టెలు గట్టిపడతాయని అక్క హెచ్చరిస్తూ ఉంటుంది. ఆంప్ కొలతలు చెప్పగానే బావ టేపు పట్టుకుని హాలంతా తిరిగాడు. అది లోపలికొస్తే సోఫా అయినా బయటికెళ్ళాలి, తనైనా బయటికెళ్ళాలి అని తేల్చి, సోఫా కొత్తది కాబట్టి వెళ్ళేది తనేనేమోనని బెంగపెట్టుకున్నాడు.

పిచ్చుక బ్యాండులో డ్రమ్ములు వాయించే స్నేహితురాలిది ఇంకో వాదన. ఈ కాలంలో ట్యూబులేమిటి, చంకలో పెట్టుకుపోయే డిజిటల్ ఆంప్ కొనుక్కో, బటన్ నొక్కితే ఏ సౌండు కావాలంటే అది వస్తుంది, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మీ బావ గురక కూడా నీకు వినపడదు అంది.

అన్నీ సబబైన మాటలే. అందుకే పిచ్చుక మళ్ళీ నాలుగంతస్తులు ఎక్కింది. ఇంకోసారి వింటే గానీ తేలదని అతనికి చెప్పింది. అతను కాదనలేదు. ఈసారి చిన్న వాల్యూమ్‌లో వాయించింది. ఆ మరుసటి వారం గుడ్డి వెలుతురున్న సాయంత్రం ఇంకోసారి. ప్రతిసారీ అతను టీ పెట్టి ఇచ్చి, గోడకి వీపు ఆనించి నేలమీద కూర్చుని, కళ్ళు మూసుకుని వినేవాడు. వాయించడం అయిపోగానే కళ్ళు తెరిచి కొత్త లోపం ఒకటి చెప్పేవాడు.

"తుమ్మితే కూడా వినిపిస్తుందండీ ఇందులో" అన్నాడు ఒకసారి.

"గిటారు తుమ్మదు కదండీ."

"మీరు తుమ్మితే."

"నేను తుమ్మితే మీరు పారిపోండి. అది నా గొంతు, ఆంప్‌కి సంబంధం లేదు."

ఆ రోజు వాన మొదలైంది. తగ్గేదాకా ఆగమన్నాడు. తగ్గేదాకా ఆగింది. తగ్గాక కూడా కాసేపు ఇద్దరికీ ఆ విషయం తెలియలేదు. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళ కబుర్లు అతను చెప్పాడు. ఇరుక్కున్న భార్యాభర్తలు ఇతను తలుపు తీసేసరికి పోట్లాట మధ్యలో ఉన్నారట, ఇంకో పది నిమిషాలాగి తీయమన్నారట. రివర్స్ గేర్ వేస్తే కళ్ళు మూసుకునే తన స్టూడెంటు గురించి ఆమె చెప్పింది. గిటారు పెట్టెలో పెట్టుకుంటుంటే ఆంప్ సంగతి తాను ఇవాళ ఆలోచించనే లేదని పిచ్చుకకు గుర్తొచ్చింది.

తర్వాతిసారి వెళ్ళినప్పుడు వాయిస్తుండగానే తలుపు తెరుచుకుంది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక పెద్దావిడ గుమ్మంలో నిలబడి, ఆపొద్దని చేత్తో సైగ చేసింది. అతని తల్లి. చేతుల వ్యాయామం కోసం సాయంత్రాలు క్లినిక్‌కి వెళుతుందట. అందుకే ఇన్నాళ్ళూ కనపడలేదు. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. కుర్చీలో కూర్చుని చివరిదాకా విని, నచ్చిందా అమ్మాయ్ అని అడిగింది.

"చాలా నచ్చింది ఆంటీ. కానీ ఎండాకాలంలో గది వేడెక్కుతుందట, హమ్ వస్తుందట, వాల్వులు దొరకవట. అదే ఆలోచిస్తున్నాను."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. కొడుకు టీ గ్లాసుల వైపు తిరిగాడు.

"వచ్చినవాళ్ళందరికీ ఇదే చెప్పి పంపిస్తున్నావా?" అంది ఆవిడ.

అతను గ్లాసులు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతున్న చప్పుడు వినిపించింది.

అప్పుడు ఆవిడే చెప్పింది. ఆ ఆంప్ తనది. వయసులో ఉన్నప్పుడు డాన్సు హాల్లో గిటారు వాయించేది. బిడ్డని చూసుకునేవాళ్ళు లేక ఆంప్ పక్కనే బుట్టలో పడుకోబెట్టేది. డ్రమ్ములు మోగినా లేవనివాడు ఆంప్ ఆపేస్తే లేచి ఏడ్చేవాడు. ఇప్పుడు తన వేళ్ళు తీగల మీద నిలవడం లేదు. వాయించేవాళ్ళ చేతిలో పడాలని అమ్మమంటే, కొడుకేమో వచ్చినవాళ్ళని వచ్చినట్లే తిప్పి పంపేస్తున్నాడు.

"ఇది నోరు మూసుకుని కూర్చుంటే నాకు దిగులు. గడప దాటుతుందంటే వాడికి దిగులు" అని నవ్వింది ఆవిడ.

పిచ్చుక నవ్వలేకపోయింది. అతను మెట్ల దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు మలుపు దగ్గర ఆగి అడిగింది.

"ఇష్టం లేదని ఒక్క మాట చెప్తే సరిపోయేది కదండీ. నాకు మెట్లెక్కే శ్రమ తప్పేది."

"మొదటిరోజు ఇష్టం లేకే అలా చెప్పానండీ."

"మరి తర్వాత?"

అతను నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కింది ఇంటావిడ రెండు చేతుల్లో సంచులతో రొప్పుతూ ఎక్కివచ్చి, ఆ మోత మోగించేది మీరేనా అంటూ మధ్యలో నిలబడింది. పిచ్చుక ఆవిడకి క్షమాపణ చెప్పి దిగిపోయింది.

ఇంటికెళ్ళి మెసేజ్ పెట్టింది. ఆంప్ తనకు వద్దనీ, అది ఉండవలసింది ఆ ఇంట్లోనేననీ. జీవితంలో అంత గబుక్కున ఆమె ఏ నిర్ణయమూ తీసుకోలేదు. తీసుకున్న మరుక్షణం నుంచీ ఏదో పోగొట్టుకున్నట్లే ఉంది. డ్రమ్మరుతో కలిసి దుకాణానికి వెళ్ళింది. అక్కడి కుర్రాడు చిన్న డిజిటల్ ఆంప్ పెట్టి, పాత ట్యూబ్ సౌండు కూడా ఉందని బటన్ నొక్కి వినిపించాడు. బాగానే ఉంది. నిజంగానే బాగుంది. మెల్లగా మీటి చూసింది, గట్టిగా మీటి చూసింది. ఎలా మీటినా ఆంప్ అందంగానే పలికింది. తన చెయ్యి ఎక్కడా వినపడలేదు. ఆలోచించుకుని చెబుతానని బయటికొచ్చేసింది. నీతో వేగలేనంటూ డ్రమ్మరు ఐస్‌క్రీమ్ కొనిపించుకుంది.

మర్నాడు డ్రైవింగ్ స్కూలు యజమాని కొత్త స్టూడెంటుని అప్పగించాడు. వాన పడుతోంది. కారు తలుపు తీసి డ్రైవింగ్ సీట్లో కూర్చున్నవాడి జేబు మీద లిఫ్టు బొమ్మ చూసి, పిచ్చుక తలెత్తి అతని మొహం చూసింది.

"నేర్చుకోవడానికే వచ్చానండీ. ఫీజు కూడా కట్టాను" అన్నాడు అతను, ఎవరో అభ్యంతరం చెప్పినట్లు.

సీటు బెల్టు పెట్టుకోమంది. అద్దాలు సరిచూసుకోమంది. ఎన్ని అంతస్తుల లిఫ్టునైనా తీగ మీద వేలాడదీయగలవాడు క్లచ్ వదలడం దగ్గర తడబడ్డాడు. కారు దగ్గినట్లు ఊగి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేయమంది. రెండోసారి కదిలింది. వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. దారిమీద జనం పల్చగా ఉన్నారు.

"మెట్ల మీద మీరడిగిన దానికి జవాబు చెప్పాలి" అన్నాడు.

"రోడ్డు చూడండి."

"చూస్తున్నాను. అమ్మ నిన్న నాతో మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక అసలు ఆపలేదు. అమ్మడానికి ఒప్పుకున్నాను. మీకైతేనే."

"ఇండికేటర్ వేసి ఎడమకి తిప్పండి. నాకెందుకు మరి అన్ని లోపాలు చెప్పారు?"

"మొదటిరోజువి ఆంప్ పోకూడదని. తర్వాతవన్నీ..." స్టీరింగ్ తిప్పుతూ గొంతు తగ్గించాడు. "తర్వాతవన్నీ, మీరు కొనేస్తే మళ్ళీ రారు కదా అని."

పిచ్చుక అతని వైపు తిరిగింది. రోడ్డు చూడమని రోజంతా అందరికీ చెప్పే మనిషి, ఆ ఒక్క క్షణం రోడ్డు చూడటం మర్చిపోయింది. తల తిప్పేసరికి ఎదురుగా ఆగివున్న వ్యాను వెనకభాగం అద్దం నిండా కనిపించింది.

"బ్రేకు. బ్రేకు తొక్కు."

తన వైపు బ్రేకు తను తొక్కింది, అతని బ్రేకు అతను తొక్కాడు. కారు ముక్కు వ్యానుకి జానెడు దూరంలో ఆగింది. ఇద్దరూ ఇంకా బ్రేకుల మీంచి కాళ్ళు తీయలేదు. వైపర్లు మాత్రం తమకేమీ పట్టనట్లు ఊగుతున్నాయి.

"ఇప్పుడు నన్ను నువ్వు అన్నారు" అన్నాడు అతను.

"కంగారులో వచ్చేసింది."

"కంగారు తగ్గాక కూడా అలాగే అనండి."

వెనకనుంచి ఎవరో హారన్ మోగించారు. పిచ్చుక చెవులు ఎర్రబడ్డాయి.

"ముందు పక్కకి తీసి ఆపండి."

అతను కదల్లేదు. హారన్ ఇంకోసారి మోగింది.

"ఆపు" అంది పిచ్చుక.

అంత ముచ్చటగా కారు పక్కకి తీసి ఆపిన స్టూడెంటు ఆమెకు అంతకుముందు లేడు. తర్వాత పిచ్చుక చేతులు ఒళ్ళో పెట్టుకుని, అద్దంలోకి చూస్తూనే చెప్పింది.

"ఒక మాట విను. ఆంప్ సంగతి వేరు, నీ సంగతి వేరు. నీ సంగతి నాకు ఎప్పుడో తేలిపోయింది, నువ్వు ఆ తుమ్ము కబురు చెప్పినరోజే. కానీ నీ కోసం ఆంప్ కొనను. ఆంప్ కోసం నిన్ను మంచి చేసుకోను. రెండూ కలిపి బేరం పెట్టకు."

"పెట్టను."

"అయితే ఇప్పుడు దాని గురించి నిజం చెప్పు. అమ్మేవాడిలా కాదు, అమ్మనివాడిలా కాదు."

అతను ఆలోచించి చెప్పాడు. బరువు నిజమే. వేడి నిజమే, కానీ కిటికీ తీస్తే సరిపోతుంది. హమ్ అబద్ధం. వాల్వులు దొరుకుతాయి, లిఫ్టు విడిభాగాలకన్నా తేలిగ్గా దొరుకుతాయి. తర్వాత స్టీరింగ్ మీద వేళ్ళతో తడుతూ, అసలు లోపం ఒకటుందన్నాడు. అది తప్పుల్ని దాచదు. చెయ్యి వణికితే వణుకే వినిపిస్తుంది. డాన్సు హాల్లో అందరూ వాయించడానికి భయపడే ఆంప్ అదేనట. దాని దగ్గరే వాయించడం నేర్చుకున్నానని తల్లి అంటుందట.

"నువ్వు మొదటిరోజు వాయించినదానికీ, మొన్న వాయించినదానికీ చాలా తేడా ఉంది. నేను వింటూనే ఉన్నాగా" అన్నాడు.

పిచ్చుకకి దుకాణంలో వెతికినది ఏమిటో అప్పుడు అర్థమైంది. అక్కడి ఆంప్ తనని మెచ్చుకుంది. ఇది తనని విన్నది.

"కొంటున్నాను" అంది. ఆ మాట నోట్లోంచి వచ్చాక దాన్ని మళ్ళీ వెనక్కి పిలవాలనిపించలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పడానికి బోలెడు మాటలు సిద్ధం చేసుకుంది గానీ వాటి అవసరం పడలేదు. కొనడం ఖాయమని తెలియగానే బావ నిద్రమత్తు మొహంతో లేచి కూర్చుని, ఒక ఉపాయం చెప్పాడు. తను ఇంట్లో పడుకునే వేళకి బేకరీ వెనకగది ఖాళీగా ఉంటుంది. గోడలు మందం. నాలుగువైపులా పిండి బస్తాలే. ఎంత మోగించినా బస్తాలు మింగేస్తాయి. హాలు హాలులాగే ఉంటుంది, సోఫా సోఫాలాగే ఉంటుంది, తను తనలాగే ఉంటాడు. ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదని పిచ్చుక నిలదీస్తే, నువ్వు కొంటావని ఎవరనుకున్నారు అన్నాడు.

ఆదివారం ఆంప్‌ని దించారు. పైమెట్టు మీద అతను, కిందిమెట్టు మీద పిచ్చుక, మధ్యలో ఆంప్. ముందు అతని తల్లి పిచ్చుక గిటారు పట్టుకుని, అటు కాదు ఇటు, గోడకి తగలనీకండి అంటూ దారి చూపించింది. ప్రతి మలుపులోనూ ఆగి ఊపిరి తీసుకున్నారు. కింది ఇంటావిడ తలుపు తీసి, వెళ్ళిపోతోందా అని అడిగింది. వెళ్ళిపోతోందని తెలిశాక, సాయంత్రాలు కాస్త బావుండేదే అని నసిగి, చీపురుకర్ర సంగతి మర్చిపొమ్మంది.

బేకరీ దగ్గర అక్క, బావ ఎదురొచ్చారు. అక్క డ్యూటీ దిగి సరాసరి వచ్చింది. పిచ్చుక అందరినీ పరిచయం చేసింది. వీరు ఆంటీ, ఆంప్ వీరిది. వీరు వాళ్ళబ్బాయి, నా స్టూడెంటు. అతను చేతులు కట్టుకుని ఎంతో వినయంగా నిలబడ్డాడు. అటువైపు పట్టుకుంటారాండీ అని పిచ్చుక అడిగితే, అలాగేనండీ అన్నాడు. జాగ్రత్తండీ అంటే, మీరూ జాగ్రత్తండీ అన్నాడు. పెద్దవాళ్ళ ముందు ఇద్దరూ ఎంత మర్యాదగా ఉన్నారంటే, అక్క అప్పుడే అనుమానంగా చూసింది.

వెనకగది గుమ్మం ఇరుకు. ఆంప్ మూల తలుపు చట్రానికి పట్టేసింది. అతను ముందుకు తోశాడు. పిచ్చుక వేళ్ళు నలగబోయాయి.

"ఆగు. నువ్వు వెనక్కి జరుగు, నా చెయ్యి ఇరుక్కుంది."

"నీకేం కాలేదుగా? ఏదీ చూపించు."

ఆంప్‌ని గుమ్మంలోనే దించేసి అతను ఆమె చెయ్యి పట్టుకుని వేళ్ళు చూశాడు. అప్పుడు గది అంతా నిశ్శబ్దంగా ఉందని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. బావ కప్పువైపు చూస్తున్నాడు. అతని తల్లి ఇదంతా తనకు ఎప్పటినుంచో తెలిసినట్లు పిండి బస్తా మీద నింపాదిగా కూర్చుంది. అక్క మాత్రం చెల్లెలి మొహం మీంచి చూపు తిప్పలేదు. ముందు ఆ బరువు లోపల పెట్టండి అంది.

బస్తాల మధ్య ఆంప్ కుదురుకుంది. వాల్వులు వేడెక్కాయి. పిచ్చుక గిటారు తగిలించుకుని వాయించింది. పిండి వాసన, పొయ్యి మిగిల్చిన వెచ్చదనం, వాటి మధ్య ఆ బొంగురు గొంతు. బస్తాలు చప్పుడుని మింగగా మిగిలిన స్వరం మరీ దగ్గరగా, చెవిలో చెబుతున్నట్లుంది. ఒకచోట చెయ్యి తడబడింది. తడబాటు తడబాటులాగే వినిపించింది. అతని తల్లి లేచి వచ్చి, ఉబ్బిన వేళ్ళతోనే పిచ్చుక మణికట్టుని కాస్త కిందికి దించి, ఇప్పుడు వాయించు అంది. ఈసారి పలికింది. ఆవిడ అక్కడే నిలబడి, ఆంప్ నెత్తిన అరచెయ్యి ఆనించి, చివరిదాకా అలాగే విన్నది.

అతను గోడ పక్కన నిలబడి తల్లి మొహం చూస్తున్నాడు. ఇంట్లోంచి ఆంప్ వెళ్ళిపోయిన రోజున తన కళ్ళు ఇలా చెమరుస్తాయని అతను అనుకున్నదే గానీ, సంతోషంతో అని అనుకోలేదు.

వాయించడం ఆగింది. బావ రొట్టెల పళ్ళెం తెచ్చాడు. రెండు కుటుంబాలవాళ్ళు బస్తాల మీదా స్టూళ్ళ మీదా సర్దుకున్నారు. అతనొక్కడే ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. అక్క అప్పుడు నోరు తెరిచింది.

"ఆంప్ దింపేశారు కదా బాబూ. మీకేమైనా పనుందా, వెళ్ళాలా?"

అతను పిచ్చుక వైపు చూశాడు. పిచ్చుక గిటారు మీదనుంచి తలెత్తి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పింది.

"నేనే ఉండమన్నాను అక్కా. ఇవాళొక్కరోజే కాదు."

అక్క బావ వైపు చూసింది. బావ లేచి, ముందుగదిలోంచి ఇంకో స్టూలు తెచ్చి, పిండి దులిపి, పిచ్చుక పక్కన వేశాడు.